మొక్కజొన్న: విత్తే పద్ధతి, గడ్డి కప్పు - నాలుగు మళ్లలో మేము నేర్చుకున్న పాఠం

మా విద్యాలయంలో ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలం ఏడుగురం. మాలో కొందరి నాన్నగార్లు సైన్యంలో ఉన్నారు, ఒకరి అమ్మగారు బ్యాంకులో, మరొకరి నాన్నగారు రైల్వేలో. ఇప్పుడు అందరం పంజాబ్‌లో ఉన్నాం. ఇక్కడ మాకు తెలుగు పీరియడ్ లేదు. అమ్మానాన్నల దగ్గర నేర్చుకున్న తెలుగుతోనే ఈ వ్యాసం రాస్తున్నాం. మొన్న వానాకాలంలో ఎకో క్లబ్ తరఫున బడి తోటలో మొక్కజొన్న వేశాం. విత్తే పద్ధతి మారితే పంట మారుతుందా? నేల మీద గడ్డి కప్పితే ఏమవుతుంది? ఈ రెండు ప్రశ్నలకు జవాబు వెతకడమే మా పని. మేము చూసింది, చదివింది, తప్పు చేసి తెలుసుకున్నది ఇక్కడ చెబుతాం.

ఒక పంట, ఎన్నో పేర్లు

మొదటి రోజే మాలో మాకు పేచీ వచ్చింది. గుంటూరు వైపు వాళ్లు ‘మొక్కజొన్న పొత్తు’ అన్నారు. కరీంనగర్ వైపు అమ్మాయి ‘మక్క కంకి’ అంది. అంతకు ముందు నాగపూర్‌లో చదివిన అబ్బాయి ‘మకా’ అన్నాడు. ఇక్కడి స్నేహితులు పంటను ‘మక్కీ’ అని, పొత్తును ‘ఛల్లీ’ అని అంటారు. కన్నడంలో మెక్కెజోళ, తమిళంలో మక్కాచ్చోళం, హిందీలో మక్కా, బెంగాలీలో భుట్టా. ఇన్ని పేర్లున్నా ఈ పంట పుట్టిల్లు మన దేశం కాదు. దాదాపు 9,000 ఏళ్ల కిందట దక్షిణ మెక్సికోలో టియోసింటే అనే గడ్డిజాతి మొక్క నుంచి అక్కడి రైతులు దీన్ని తయారు చేసుకున్నారు. మన దేశానికి 16వ శతాబ్దం ప్రాంతంలో పోర్చుగీసు వాళ్లతో వచ్చిందని చెబుతారు. అంటే మొక్కజొన్న కూడా మనలాగే ఊళ్లు మారుతూ వచ్చిందే. వచ్చిన ప్రతిచోటా అక్కడి నేలకు, నీటికి తగ్గట్టు దాన్ని విత్తే తీరు మారింది.

పక్క ఊరి సర్దార్‌జీ చెప్పిన మాట

గడ్డి కోసం మేము బడి దగ్గరి ఊళ్లో ఒక రైతు ఇంటికి వెళ్లాం. ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి లస్సీ ఇప్పించారు. మొక్కజొన్న వేస్తున్నామని చెబితే నవ్వి, “మా నాన్న రోజుల్లో ఈ పొలమంతా మక్కీయే. ఒక ఏడు రాత్రికి రాత్రి కురిసిన వానకు నీళ్లు నిలిచి పంట పోయింది. ఆ తర్వాత వరే వేస్తున్నాం. వరి నీళ్లలో నిలబడుతుంది, మక్కీ నిలబడదు” అన్నారు.

ఆ మాట ఆయన ఒక్కరిదే కాదు. పంజాబ్‌లో 1970లలో 5 లక్షల హెక్టార్లకు పైగా ఉన్న మొక్కజొన్న ఆ తర్వాత దాదాపు లక్ష హెక్టార్లకు పడిపోయింది. వరికి ప్రభుత్వ కొనుగోలు ఖాయంగా ఉండటం, బోరు నీళ్లు అందడం అందుకు పెద్ద కారణాలు. నీరు నిలిస్తే మొక్కజొన్న తట్టుకోలేకపోవడం కూడా ఒక కారణమే. కానీ వరికి తోడిన నీటితో భూగర్భ జలం ఏటేటా కిందికి పోతోంది. వేసవి మండుటెండల్లో నాట్లు వేసి నీళ్లు ఖర్చు చేయకుండా, నాట్లను ఆలస్యం చేయించేందుకు 2009లో రాష్ట్రం ఒక చట్టమే చేసింది. వరి బదులు మొక్కజొన్న వేయండని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. రైతు మాత్రం “నీళ్లు నిలిస్తే ఎలా?” అని అడుగుతున్నాడు. మా నాలుగు మళ్లలో వెతికింది ఆ ప్రశ్నకు జవాబునే.

విత్తడంలో ఉన్న పద్ధతులు

వెదజల్లడం: చేత్తో గింజలు చల్లి దున్నడం. పని తేలిక. కానీ గింజ ఒకచోట పైపైన, ఒకచోట లోతున పడుతుంది. మొక్కల మధ్య దూరం సమంగా ఉండదు. కలుపు తీయడం కష్టం.

చదును నేలపై సాళ్లలో విత్తడం: నాగలి వెంట గానీ, గొర్రుతో గానీ, యంత్రంతో గానీ వరసలుగా వేయడం. వరసకూ వరసకూ 60 సెంటీమీటర్లు, మొక్కకూ మొక్కకూ 20 సెంటీమీటర్లు ఉంచడం చాలా చోట్ల వాడుకలో ఉన్న దూరం. గింజ 4 నుంచి 5 సెంటీమీటర్ల లోతున పడాలి.

బోదెలు, కాలువలు: మట్టిని వరసగా ఎగదోసి బోదెలు చేసి, బోదె పక్క వాలులో విత్తడం. ఎక్కువైన నీరు కాలువలోకి దిగిపోతుంది. వేరు చుట్టూ గాలి ఆడుతుంది. నీళ్లు పెట్టేటప్పుడు కాలువలకే పెడితే చాలు.

ఎత్తుమడులు: బోదెకంటే వెడల్పుగా, పైన చదునుగా ఉండే మడి. దాని మీద రెండు వరసలు పట్టేంత చోటుంటుంది.

దున్నకుండా విత్తడం: ముందు పంట కోసిన నేలలో దుక్కి లేకుండా రంధ్రం చేసి గింజ వేయడం. దీన్ని జీరో టిల్లేజ్ అంటారు. దీని గురించి చివర్లో గుంటూరు తాతయ్య మాటల్లో చెబుతాం.

దూరం ఎందుకంత ముఖ్యమో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. 60 సెంటీమీటర్లు ఇంటూ 20 సెంటీమీటర్లు అంటే ఒక్కో మొక్కకు 0.12 చదరపు మీటర్ల చోటు. హెక్టారు అంటే 10,000 చదరపు మీటర్లు. భాగిస్తే 83,333 మొక్కలు. ఒక పొత్తుకు 14 వరసలు, వరసకు 30 గింజలు అనుకుందాం. మొత్తం 420 గింజలు. వెయ్యి గింజలు 250 గ్రాములు తూగితే పొత్తుకు 105 గ్రాములు. అన్ని మొక్కలూ బతికి, అన్నిటికీ ఇలాంటి పొత్తే వస్తే హెక్టారుకు సుమారు 8,750 కిలోలు. మన దేశపు సగటు మాత్రం 3,000 నుంచి 3,500 కిలోల దగ్గర ఉంటోంది. మిగతాది ఎక్కడ పోతోంది? కొన్ని మొక్కలు చచ్చిపోతాయి, కొన్ని పొత్తుల్లో గింజలు తక్కువ పడతాయి, కొన్ని గింజలు సన్నగిల్లుతాయి. దిగుబడి అంటే ఈ మూడింటి లెక్క. మా ప్రయోగమంతా ఈ లెక్క చుట్టూనే తిరిగింది.

ఆచ్ఛాదన అంటే ఏమిటి?

నేలను బోసిగా వదలకుండా గడ్డితోనో, ఎండుటాకులతోనో, చొప్పతోనో, చెరకు ఆకుతోనో కప్పడాన్ని ఇంగ్లిష్‌లో మల్చింగ్ అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయం చేసే రైతులు దీన్ని ‘ఆచ్ఛాదన’ అంటారు. మేము సులువుగా ‘గడ్డి కప్పు’ అని రాస్తాం.

గడ్డి కప్పు చేసే పనులు ఇవి. ఎండ, గాలి నేరుగా నేలను తాకవు కాబట్టి తేమ త్వరగా ఆవిరి కాదు. మధ్యాహ్నం నేల విపరీతంగా వేడెక్కదు. వాన చినుకు బలంగా పడి మట్టిని కొట్టుకుపోనివ్వదు, పైన పెచ్చు కట్టనివ్వదు. వెలుతురు అందక చాలా కలుపు గింజలు మొలవవు. మెల్లగా కుళ్లి నేలలో సేంద్రియ పదార్థం అవుతుంది, వానపాములు చేరతాయి.

కష్టాలూ ఉన్నాయి. చదును నేలలో నీరు ఎక్కువైతే గడ్డి కప్పు నేలను ఆరనివ్వదు. చలికాలంలో నేల వెచ్చబడనివ్వక మొలక ఆలస్యం చేస్తుంది. చెదలు, ఎలుకలు చేరవచ్చు. మరో సంగతి మా సైన్స్ మేడమ్ చెప్పారు. వరిగడ్డిలో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. దాన్ని మట్టిలో కలిపేస్తే, కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తమకు కావలసిన నత్రజనిని నేలలోంచే తీసుకుంటాయి. అప్పుడు మొక్కకు కొన్నాళ్లు కరువొస్తుంది. అందుకే గడ్డిని మట్టిలో కలపకుండా పైన పరచాలి.

ప్లాస్టిక్ షీటు కప్పడం కూడా ఉంది. చైనాలో వాన తక్కువగా ఉండే వాయవ్య ప్రాంతాల్లో బోదెల మీద ప్లాస్టిక్ పరచి మొక్కజొన్న విరివిగా పండిస్తారు. నేల వెచ్చగా ఉండి తేమ నిలుస్తుంది. కానీ చిరిగిన ముక్కలు ఏళ్ల తరబడి మట్టిలో మిగిలిపోవడం అక్కడ పెద్ద సమస్య అయింది. మేము గడ్డినే ఎంచుకున్నాం.

ఇక్కడ మాకో ఆశ్చర్యం. మన ఊళ్లలో వరిగడ్డి పశువుల మేత. వాము వేసి దాచుకుంటాం. పంజాబ్‌లో పశువులకు ఎక్కువగా గోధుమ గడ్డి వేస్తారు. కోత యంత్రం వదిలిన వరిగడ్డిని, గోధుమ విత్తే సమయం దాటిపోతుందన్న తొందరలో చాలా మంది కాల్చేస్తారు. అక్టోబరు, నవంబరులలో ఆ పొగ మా బడి కిటికీల దాకా వస్తుంది. అలాంటి గడ్డినే సర్దార్‌జీ మాకు నాలుగు మోపులు ఇచ్చారు.

మా నాలుగు మళ్లు

ఒక్కో మడి 3 మీటర్ల పొడవు, 2.4 మీటర్ల వెడల్పు. 60 సెంటీమీటర్లకు ఒక వరస చొప్పున 4 వరసలు, వరసకు 15 మొక్కలు, మొత్తం 60. నాలుగు మళ్లకూ ఒకే విత్తనం, ఒకే రోజు విత్తడం, ఒకే మోతాదు ఎరువు. తేడా రెండు విషయాల్లోనే.

1వ మడి: చదును నేల, గడ్డి లేదు.
2వ మడి: చదును నేల, గడ్డి కప్పు.
3వ మడి: బోదెలు, గడ్డి లేదు.
4వ మడి: బోదెలు, గడ్డి కప్పు.

ఇలా ఎందుకు చేశామంటే, చదునుకూ బోదెకూ తేడా వేరుగా తెలియాలి, గడ్డికి తేడా వేరుగా తెలియాలి, రెండూ కలిస్తే ఏమవుతుందో కూడా తెలియాలి. రెండు మళ్లే వేసి ఒకదానికి బోదె, గడ్డి రెండూ పెట్టి ఉంటే, మేలు దేనివల్ల జరిగిందో చెప్పలేకపోయేవాళ్లం.

వరసల్ని పక్కపక్కన గుంపుగా వేయడానికి ఇంకో కారణం ఉంది. మొక్కజొన్నలో మగపూత మొక్క కొసన, ఆడపూత కాండం మధ్యలో ఉంటాయి. పుప్పొడి గాలికి రాలి పీచు మీద పడాలి. ఒక్క వరస పొడవుగా వేస్తే పుప్పొడి గాలికి బయటికి పోయి పొత్తులు బోసిగా మిగులుతాయి.

సెలవుల తర్వాత జూన్ చివరి వారంలో విత్తాం. గుంటకు రెండేసి గింజలు వేసి, 10 రోజుల తర్వాత బలమైన మొక్కను ఉంచి రెండోది తీసేశాం. మొక్కలు జానెడు ఎత్తు వచ్చాక గడ్డి పరిచాం. ఒక్కో మడికి ఇద్దరేసి బాధ్యులు, ఒక నోటు పుస్తకం. ఏడుగురమే కాబట్టి 3వ మడి బాధ్యత తొమ్మిదో తరగతి అమ్మాయి ఒక్కతే తీసుకుంది.

జూలై వాన

జూలై మధ్యలో రెండు రోజులు ఆగకుండా వాన పడింది. మూడో రోజు బడికి వచ్చి చూస్తే చదును మళ్లు రెండూ చెరువుల్లా ఉన్నాయి. 4వ మడిలోనూ నీళ్లు కదలడం లేదు. కారణం మేమే. బోదెల మీదే కాక కాలువల్లో కూడా గడ్డి నింపేశాం. అది తడిసి అడ్డుకట్టలా కూర్చుంది. మాలీ అంకుల్ మమ్మల్ని చూసి, “కాలువ ఉన్నది నీళ్లు పోవడానికా, గడ్డి పడుకోవడానికా?” అన్నారు. చేతులతో గడ్డి లాగేశాం. గంటలో నీళ్లు దిగిపోయాయి.

చదును మళ్లలో అలా కాలేదు. నేల నీటితో నిండిపోతే వేళ్లకు గాలి అందదు. మట్టిలోని నత్రజని కొంత నీటితో కిందికి పోతుంది, కొంత వాయువుగా మారి ఎగిరిపోతుంది. నాలుగైదు రోజుల్లో కింది ఆకులు పసుపుబారాయి. ఇంకో ముఖ్య విషయం అప్పుడే తెలిసింది. మొలిచిన మొదటి మూడు నాలుగు వారాలు మొక్కజొన్న పెరిగే మొగ్గ నేల లోపలే ఉంటుంది. పైన ఆకులు కనిపిస్తున్నా అసలు ప్రాణం మట్టి కిందే. అందుకే మోకాలి ఎత్తు దాటక ముందు నీరు నిలిస్తే అంత ప్రమాదం.

మాకు బాధ కలిగించింది 2వ మడి. గడ్డి కప్పితే మంచిదని చదివి, ఎంతో శ్రద్ధగా పరిచాం. అదే అన్నిటికంటే ఆలస్యంగా ఆరింది. గడ్డి లేని 1వ మడి ఎండకు ముందే ఆరింది. 2వ మడిలో చాలా మొక్కలు వాడి పడిపోయాయి. ఆ మడి బాధ్యుల్లో ఆరో తరగతి తమ్ముడు ఏడ్చేశాడు. “మేము బాగానే చేశాం కదా మేడమ్!” అన్నాడు. మేడమ్ వాడితో, “చేసింది బాగానే చేశావు నాన్నా. చోటు అది కాదు. ఇది కూడా జవాబే, రాసుకో” అన్నారు. వాడు రాసుకున్నాడు.

ఆగస్టు ఎండ

ఆగస్టు మూడో వారంలో మగపూత, ఆ వెంటే పీచు వచ్చాయి. సరిగ్గా అప్పుడే వాన ముఖం చాటేసింది. మధ్యాహ్నం వెళ్లి చూస్తే 3వ మడిలో ఆకులు గొట్టాల్లా చుట్టుకుపోయి ఉన్నాయి. గడ్డి ఉన్న 4వ మడిలో అదే వేళకు ఆకులు విచ్చుకునే ఉన్నాయి. గడ్డి తొలగించి వేలు పెడితే 4వ మడి మట్టి చల్లగా, తడిగా తగిలింది. 3వ మడి మట్టి కాలింది. బోదెకు ఎండ, గాలి తగిలే ముఖం ఎక్కువ. వానలో నీటిని ఎంత త్వరగా వదిలేస్తుందో, ఎండలో అంత త్వరగా ఆరిపోతుంది. జూలైలో మొక్కను కాపాడిన గుణమే ఆగస్టులో కష్టం తెచ్చింది.

ఈ దశలో బెట్ట ఎందుకంత చేటు? పొత్తులోని ఒక్కో గింజకు ఒక్కో పీచు పోగు ఉంటుంది. పుప్పొడి ఆ పోగు మీద పడి లోపలికి చేరితేనే గింజ కడుతుంది. తేమ తగ్గితే పీచు బయటికి రావడం ఆలస్యమవుతుంది. మగపూత మాత్రం తన వేళకే పుప్పొడి రాల్చేస్తుంది. రాలిన పుప్పొడి కొన్ని గంటలకు మించి బతకదు. పొత్తు కొసన ఉండే గింజల పీచు అన్నిటికంటే చివర వస్తుంది. అందుకే బెట్ట తగిలిన పొత్తుల కొసలు బోడిగా ఉంటాయి.

కలుపులోనూ తేడా కనిపించింది. గడ్డి లేని మళ్లలో తీసిన కలుపు ప్రతిసారీ బుట్ట నిండేది. గడ్డి ఉన్న మళ్లలో గుప్పెడు. తుంగ మాత్రం గడ్డిని పొడుచుకుని వచ్చేసింది. మొదటి 30, 40 రోజులు కలుపు లేకుండా చూడటం మొక్కజొన్నకు చాలా అవసరం.

ఆ వారంలోనే 3వ మడి అమ్మాయి నాన్నగారికి జోధ్‌పూర్ బదిలీ ఆర్డరు వచ్చింది. మనలో ఎవరికీ ఇది కొత్త కాదు. కానీ మొక్కలు పీచు వేసిన వారంలో వెళ్లాల్సి రావడం ఆమెకు చాలా కష్టమైంది. వెళ్లే ముందు రోజు నోటు పుస్తకం తెచ్చి ఇచ్చింది. విత్తిన రోజు, మొలకల లెక్క, వాన పడిన రోజులు, ఆకులు చుట్టుకున్న వేళలు, అన్నీ తేదీలతో ఉన్నాయి. చివరి పేజీలో, “ఈ మడిని కొత్తగా చూసేవాళ్లకు” అని రాసి, ఏ వరసలో ఏ మొక్క బలహీనంగా ఉందో గుర్తులు పెట్టింది. ఆ పుస్తకం వల్లే మేము ఆమె మడిని మధ్యలో అందుకోగలిగాం.

కోత, లెక్క

అక్టోబరు మొదట్లో పొత్తుల మీది ఆకులు ఎండి గోధుమ రంగుకు వచ్చాయి. గింజ మొదట్లో నల్లని పొర కనిపిస్తే గింజ ముదిరినట్టు. అది చూసి కోశాం. అంచు వరసలకు వెలుతురు ఎక్కువ అందుతుంది కాబట్టి వాటిని లెక్కలో చేర్చలేదు. లోపలి రెండు వరసల్లో, చివరి మొక్కలు వదిలి, మడికి 26 చోట్ల చొప్పున చూశాం. మాకు కనిపించింది ఇది.

1వ మడి: కొన్ని మొక్కలు వానకు పోయాయి. మిగిలినవాటి పొత్తులు చిన్నవి.
2వ మడి: అన్నిటికంటే ఎక్కువ మొక్కలు పోయింది ఇక్కడే. కానీ బతికిన మొక్కల పొత్తులు నిండుగా ఉన్నాయి.
3వ మడి: మొక్కలు దాదాపు అన్నీ బతికాయి. పొత్తుల కొసలు బోడిగా ఉన్నాయి.
4వ మడి: మొక్కలూ నిలిచాయి, పొత్తులూ నిండాయి. మొత్తం గింజ బరువు ఇక్కడే ఎక్కువ.

బరువులో రెండో స్థానం 3వ మడిది. చదును మళ్లు రెండూ వెనకబడ్డాయి, వాటి మధ్య తేడా స్వల్పం.

ముందు చెప్పిన మూడింటి లెక్క ఇప్పుడు గుర్తు చేసుకోండి. బోదె మొక్కల సంఖ్యను కాపాడింది. గడ్డి కప్పు గింజల సంఖ్యను, గింజ బరువును కాపాడింది. మా తోటలో వానాకాలం రెండు రకాలుగా పరీక్ష పెట్టింది, ఒకసారి నీరు ఎక్కువై, ఒకసారి తక్కువై. ఒక్క ఉపాయంతో ఒక్క పరీక్షే దాటగలిగాం. రెండూ కలిపిన మడి రెండిటినీ దాటింది.

ఈ సంగతి చెప్పడానికి జోధ్‌పూర్‌కు ఫోన్ చేశాం. ఆ అమ్మాయి అంతా విని, “బోడిగా ఉన్న కొసను స్కేలుతో కొలిచారా?” అని అడిగింది. మేము కొలవలేదు. మళ్లీ వెళ్లి, దాచిన పొత్తులన్నీ తీసి కొలిచాం.

మా ప్రయోగంలోని లోపాలు

మడికి ఇన్ని కిలోలని అంకెలు ఇక్కడ ఎందుకు వేయలేదని మీరు అడగవచ్చు. వేద్దామనే అనుకున్నాం. హెక్టారుకు ఇన్ని క్వింటాళ్లని లెక్క కూడా కట్టాం. మేడమ్ వద్దన్నారు. 26 మొక్కల బరువును హెక్టారుకు పెంచితే చిన్న తప్పు పెద్దదవుతుంది. పైగా మేము ఒక్కో పద్ధతికి ఒక్క మడే వేశాం. 1వ మడికి సాయంత్రం వేప చెట్టు నీడ పడుతుంది. దాని పొత్తులు చిన్నవవడానికి నీడ కూడా కారణమేమో చెప్పలేం. పరిశోధన క్షేత్రాల్లో ఒక్కో పద్ధతికి మూడు, నాలుగు మళ్లు వేసి, ఏది ఎక్కడ ఉండాలో చీటీ తీసినట్టు నిర్ణయించి, రెండు మూడేళ్లు చూస్తారు. మన దేశంలో మొక్కజొన్నపై అలాంటి ఉమ్మడి పరిశోధన పథకం 1957లోనే మొదలైంది. దేశంలో ఒక పంటకు అలాంటి పథకం రావడం అదే మొదటిసారి. ఇప్పుడు మొక్కజొన్న పరిశోధన సంస్థ లూధియానాలో ఉంది. దాని శీతాకాల నర్సరీ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఉంది. ఎముకలు కొరికే చలి అక్కడ ఉండదు కాబట్టి ఉత్తరాదిలో చలికాలం నడుస్తున్నప్పుడు అక్కడ మరో పంట తీయగలుగుతారు.

ఎక్కడి నేలకు అక్కడి పద్ధతి

మా ఫలితాన్ని అన్ని ఊళ్లకూ వర్తింపజేయకూడదని మాకు ఫోన్ల ద్వారానే తెలిసింది. గుంటూరు జిల్లాలో ఉన్న ఒకరి తాతయ్య విని నవ్వారు. “బోదెలేంటర్రా! మేము దున్నను కూడా దున్నం” అన్నారు. అక్కడ వరి కోసిన మాగాణిలో ఒకప్పుడు మినుము వేసేవారు. పల్లాకు తెగులు, బంగారు తీగ బాధ పడలేక చాలా మంది మొక్కజొన్నకు మారారు. నేలలో ఇంకా పదును ఉండగానే, గుర్తులు కట్టిన తాడు పట్టుకుని, కర్రతో రంధ్రం చేసి గింజ వేస్తారు. దున్నే ఖర్చు, కాలం మిగులుతాయి. వరి మోళ్లు నేల మీదే ఉండి కొంత కప్పులా పనిచేస్తాయి. అది శీతాకాలపు పంట. భారీ వానల భయం తక్కువ. అందుకే చదునుగా ఉన్నా చెల్లుతుంది.

కరీంనగర్ వైపు అమ్మాయి వాళ్ల తాతది ఎర్రనేల. నీరు త్వరగా ఇంకిపోతుంది. “మాకు నీళ్లు నిలుసుడు కాదు బిడ్డా, వాన రాకపోవుడే భయం” అన్నాడట. అలాంటి చోట గడ్డి కప్పు మేలు బోదె మేలు కంటే ఎక్కువ కావచ్చు. ఆ తాత మక్క గట్క గురించి, మక్క గుడాల గురించి కూడా చాలాసేపు చెప్పాడు కానీ అది వేరే వ్యాసం.

పంజాబ్‌లోనే చలికాలంలో మొక్కజొన్న వేస్తే పద్ధతి మళ్లీ మారుతుంది. బోదెలను తూర్పు పడమరలుగా తీసి దక్షిణం వైపు వాలులో విత్తుతారు. చలికాలపు సూర్యుడు దక్షిణంగా వంగి ఉంటాడు కాబట్టి ఆ వాలు వెచ్చగా ఉండి గింజ త్వరగా మొలుస్తుంది. ఒకే ఊరు, ఒకే పంట అయినా కాలం మారితే బోదె చేసే పని మారింది.

మీరూ చేసి చూడండి

ఈ పత్రిక ఎక్కడెక్కడి పిల్లలో చదువుతారు. మీ బడి కోస్తాలో ఉండవచ్చు, ఎడారిలో, కొండ మీద ఉండవచ్చు. విత్తే ముందు ఈ ప్రశ్నలు వేసుకోండి.

1. పెద్ద వాన పడితే మీ తోటలో నీరు ఎన్ని గంటలు నిలుస్తుంది? ఒకరోజుకు మించితే బోదెలు తీయండి.
2. వానకూ వానకూ మధ్య ఎన్ని రోజుల ఎండ ఉంటుంది? ఎక్కువైతే గడ్డి కప్పండి. కాలువల్లో మాత్రం నింపకండి.
3. మీ దగ్గర ఊరికే పోతున్న గడ్డి, ఆకు ఏది? పశువుల మేత లాక్కోకండి.
4. పక్క ఊరి రైతు ఎలా విత్తుతాడు? ఎందుకు అలా విత్తుతాడో అడగండి.
5. ఒక్కో పద్ధతికి కనీసం రెండు మళ్లు వేయండి. మేము చేసిన తప్పు చేయకండి.

చివరగా ఒక మాట. మొక్కజొన్నకు దాదాపు 100 రోజులు కావాలి. ఈ 100 రోజుల్లో మనలో ఎవరికైనా బదిలీ రావచ్చు. వస్తుందేమోనని విత్తడం మానకండి. రోజూ రాసే పుస్తకం మరొకరు చదివి అందుకునేలా రాయండి. 3వ మడి పొత్తుల బోడి కొసల కొలతలు ఇప్పుడు ఆ పుస్తకంలో, ఆమె చేతిరాత కిందే ఉన్నాయి. ఆమె జోధ్‌పూర్ బడిలో వచ్చే వానాకాలానికి రెండు మళ్లు అడిగిందట. అక్కడ వాన తక్కువ కాబట్టి బోదె వద్దు, గడ్డి ఎక్కువ కావాలని మాకు రాసింది. ఆ ఇసుక నేలలో ఏమవుతుందో తెలిశాక ఆమె ఈ పత్రికకే రాస్తానంది.